జత కుదరని గుండీ

నేను గుండీలు అమ్ముతాను. చొక్కా గుండీలు, కోటు గుండీలు, దిండు గలీబులకు వేసేవి, పసిపిల్లల జుబ్బాలకు కుట్టే మిరియపు గింజంతవి, అన్నీ. దుకాణంలో మూడు గోడల నిండా ఆరువందల నలభై సొరుగులున్నాయి. ఏ సొరుగులో ఏ రకం ఉందో తెలియడానికి ఆ గుండీనే ఒకదాన్ని దాని ముఖాన దారంతో కట్టి పెడతాం. పేరు మాత్రం రాయం. రంగుకు పేరు పెడితే తగువు. ఒకరి ఇటుకరంగు ఇంకొకరికి తుప్పురంగు.

ఇరవై ఏడేళ్ళలో నేను తేల్చుకున్న లెక్క ఒకటుంది. గుమ్మం ఎక్కిన ప్రతి పదిమందిలో ఆరుగురు ఊడిపోయిన ఒక్క గుండీకి జత కోసం వస్తారు. వాళ్ళు కొనేది గోరంత, తినే సమయం కొండంత. అయినా కసురుకోకూడదు. ఆ ఒక్కటి దొరికినవాడు కొత్త కోటు కుట్టించుకున్నప్పుడు వెతుక్కుంటూ మన దగ్గరికే వస్తాడు. అంచేత నా బతుకంతా జత కలపడమే. గుండీని చూపుడు వేలి మీద పెట్టగానే అది ఏ గోడలో ఏ వరసలో ఉందో నా కాళ్ళే చెబుతాయి.

ఒకసారి వానకు ఆగడానికి లోపలికొచ్చిన పెద్దాయన ఒకడు మూడు గోడలూ తీరిగ్గా చూసి, "ఇందులో మీరు చేసింది ఏదండీ?" అని అడిగాడు.

"మేం అమ్మేవాళ్ళమండీ, చేసేవాళ్ళం కాదు," అన్నాను.

వాన వెలిసింది, ఆయన వెళ్ళిపోయాడు. ప్రశ్న మాత్రం దుకాణంలోనే కూర్చుంది. ఎంత కూడినా తీసివేసినా ఆ లెక్కకు జవాబు సున్నా వచ్చేది. నలభై తొమ్మిదో ఏట నేను సాయంత్రం పూట నడిచే డిజైన్ కోర్సులో చేరాను. రెండేళ్ళు, వారానికి మూడు సాయంత్రాలు. చివర్లో ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక వస్తువు చేసి చూపించాలి. ఆ ఒక్క మాట కోసమే చేరాను. మా ఆయన సరుకు కోసం ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటాడు గనక కొట్టు చూసే పని మా మరిది నెత్తిన పడింది. "వదినా, ఈ వయసులో పలక పట్టుకున్నావు, నాకేమో త్రాసు అంటగట్టావు," అని అతను నెలరోజులు గొణిగి, తర్వాత అలవాటు పడ్డాడు.

తరగతిలో పధ్నాలుగు మందిమి. మిగతా పదమూడు మందిలో నా వయసులో సగం ఉన్నవాళ్ళు కూడా లేరు. అందరూ నన్ను పిన్నిగారూ అనేవాళ్ళు.

వస్తువు చేయడానికి ముందు ఏం చేస్తామో పత్రం మీద రాసి టీచరమ్మ చేత ఒప్పించుకోవాలి. ఒక్కొక్కరు మూడుసార్లే ఇవ్వొచ్చు. నావి రెండు అప్పటికే తిరిగొచ్చాయి. మొదటిది మడత పెట్టే స్టూలు. పోయిన ఏడాది మడత కుర్చీకి అందరూ చప్పట్లు కొట్టారని విని రాశాను. రెండోది గుడ్డతో చేసే దీపపు బుట్ట. అంతకు ముందు ఏడాది కాగితపు బుట్టకు మంచి పేరు వచ్చిందట. టీచరమ్మ నాకంటే పదేళ్ళు చిన్నది, మాట మాత్రం కొలిచి కత్తిరించినట్టు ఉంటుంది. రెండో పత్రం తిప్పి ఇస్తూ, "మీరు విషయం తేలేదమ్మా, జత తెచ్చారు," అంది.

నాకు చెవులు వేడెక్కాయి. మా వ్యాపారంలో అది పొగడ్త.

"మూడోది కూడా ఇలాగే వస్తే నేనేం చేయలేను. ఈ సాయంత్రపు కోర్సు ఈ ఏడాదితో మూసేస్తున్నారు. మళ్ళీ చదువుదామన్నా ఇంకో ఏడాది లేదు," అని కూడా చెప్పింది.

ఆ వారంలోనే టెక్నాలజీ సదస్సు వచ్చింది. మూడు రోజులు. మా కోర్సు వాళ్ళకు విద్యార్థుల పాసులు ఇప్పించారు. "ఊరికే నడవకండి, చూస్తూ నడవండి. మూడో రోజు నాలుగింటికి క్యాంటీన్‌లో కూర్చుంటాను. పత్రాలు అక్కడే ఇవ్వాలి," అంది టీచరమ్మ.

మొదటి రోజు పొద్దున గేటు దగ్గర పాసులు చూసే మనిషి నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, ఇవి విద్యార్థులకేనండీ. పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చినవాళ్ళు బయట ఆగాలి."

"నన్ను దిగబెట్టడానికి ఎవరూ రాలేదు బాబూ. నేనే పిల్లని."

ఆయన పాసు మీద ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. పసుపుపచ్చ రిబ్బను మెడలో వేసి, "బాగా చదువుకో తల్లీ," అన్నాడు. వెనకాల మా తరగతి పిల్లలు విరగబడి నవ్వారు.

లోపల నాలుగు హాళ్ళు. ఒక్కదానికీ కిటికీ లేదు. నేల మీద బూడిదరంగు తివాచీ, నెత్తిన పాలలాంటి దీపాలు. పొద్దునో మధ్యాహ్నమో గడియారం చెబితే తప్ప తెలియదు. వరసలు వరసలుగా చిన్న చిన్న అంగళ్ళు. ఒకచోట ఇనప చెయ్యి అడిగినవాళ్ళ పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిస్తోంది. ఒకచోట తలకు బుట్టలాంటిది తగిలించుకుని లేని మెట్లను జనం ఎక్కుతున్నారు. ఇంకోచోట ఒక కుర్చీ ఉంది. నడుం వంచి కూర్చుంటే అది పెద్దగా మూలుగుతుంది.

కొత్త బజారుకు పోతే మేం ముందు సరుకు చూడం, జనాన్ని చూస్తాం. నేను పుస్తకం తీసి మూడు గళ్ళు గీశాను. ఆగినవాళ్ళు, ముట్టుకున్నవాళ్ళు, వెళ్ళిపోయి మళ్ళీ వచ్చినవాళ్ళు. నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి, అది ఒక కట్ట. సాయంత్రానికి నలభై ఆరు అంగళ్ళ లెక్క తేలింది. మూలిగే కుర్చీ అందరికంటే పైన ఉంది. మళ్ళీ వచ్చినవాళ్ళే డెబ్బై ఒక్కమంది.

మా తరగతిలో ఎప్పుడూ బొమ్మలు వేస్తూ ఉండే అమ్మాయి ఒకతె ఉంది. బొమ్మల పిల్ల అంటాం. పక్కకొచ్చి నా పుస్తకంలోకి తొంగి చూసింది.

"పిన్నిగారూ, ఏంటివి, కంచె వేస్తున్నారా?"

"ఏ అంగడి ముందు ఎంతమంది ఆగారో వేసుకుంటున్నా."

"ఓహో. మరి మీకేది నచ్చింది?"

"నాకు నచ్చడంతో పనేముందే? నచ్చాల్సింది కొనేవాళ్ళకి."

ఆ పిల్ల, "ఇక్కడ కొనేవాళ్ళెవరు పిన్నిగారూ?" అని తన దారిన పోయింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు అనుకున్నాను.

రెండో రోజు ఉపన్యాసాలు విన్నాను. ఒకాయన నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో మూట కట్టుకుని ఇంటికి తీసుకుపోదగ్గ మాటలు మూడు. అవి మూడూ మా అత్తగారు ఎప్పుడో చెప్పినవే. నష్టమొచ్చే పని అయితే త్వరగా తెలుసుకో, నీ సరుకు నువ్వే వాడి చూడు, నోరు మూసుకుని గిరాకీ చెప్పేది విను. ఆవిడ చెప్పినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మధ్యలో మరిది ఫోన్ చేశాడు.

"వదినా, ఒకాయన వచ్చి గంటయింది. ఆకుపచ్చ కాదంటాడు, నీలం కాదంటాడు. నెమలి మెడ అంటాడు. ఏ గోడ?"

"ఎడమ గోడ, కింద నుంచి నాలుగో వరస. నెమలి మెడ కోసం మూడు సొరుగులు తీసి పెట్టు. ఒకటే తీస్తే అది కాదంటాడు."

"మూడూ కాదంటే?"

"మొదటిది మళ్ళీ చూపించు."

అతను నవ్వి పెట్టేశాడు. నేను మధ్యాహ్నం ఒక మూల కూర్చుని మూడో పత్రం రాసేశాను. కొట్టులో వేసుకునే స్టూలు, నడుం వంచి కూర్చుంటే కాలి కింద చిన్నగా అదురుతుంది. మూలగదు, అదురుతుంది. జనం మెచ్చిన సరుకు, కాస్త మార్పు, మన అవసరానికి తగ్గ కొలత. లెక్క పక్కాగా కుదిరిందని ముచ్చటపడి, సాయంత్రం బస్సులో బొమ్మల పిల్లకు చూపించాను.

అది చదివి పడీ పడీ నవ్వింది. "పిన్నిగారూ, ఇది ఆ మూలిగే కుర్చీకి చెల్లెలు కదా!"

"చెల్లెలేంటే, మూలగదుగా?"

"మూగ చెల్లెలు."

నవ్వాను గానీ కాగితం నా చేతిలో బరువెక్కింది. నిజమే. రెండు పత్రాలు పోగొట్టుకున్న తప్పునే మూడోసారి మూడు గళ్ళు గీసి మరీ చేశాను. నలభై ఆరు అంగళ్ళు తిరిగి ఊడిపోని గుండీకి జత వెతికి తెచ్చాను. ఇరవై ఏడేళ్ళు ఒకే పని చేస్తే చెయ్యి ఆ పనే చేస్తుంది, నువ్వు ఏం చెయ్యమన్నా సరే. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుగున పెట్టాను. దిగేటప్పుడు బొమ్మల పిల్ల మొహం కూడా చూడబుద్ధి కాలేదు.

మూడో రోజు పొద్దున పుస్తకం తీయలేదు. ఏం చూడాలో తెలియక ఊరికే నడిచాను. పదకొండింటికి కాళ్ళు పీకడం మొదలైంది. నాలుగో హాలు చివర, మరుగుదొడ్ల దారి పక్కన, ఒక అంగడి ముందు ఖాళీ కుర్చీ కనిపించి కూలబడ్డాను. మొదటి రోజు లెక్కలో ఆ అంగడికి మూడు గీతలే పడ్డాయి. అందులో రెండు దారి అడిగినవాళ్ళవి. గిరాకీ లేని కొట్టు గుమ్మం తొక్కకూడదని మా లెక్క. కాళ్ళకు ఆ లెక్క తెలియదు.

బల్ల వెనకాల కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి, పొడుగాటి కుర్రాడు ఒకడు. ఇద్దరికీ పాతికేళ్ళుంటాయి. ఎదురుగా రొట్టెల పెట్టెంత యంత్రం, దానికి గాజు మూత.

"నమస్తే అండీ, చూపించమంటారా?" అంది అమ్మాయి, చాలాసేపటి నుంచి ఎవరూ మాట్లాడనివాళ్ళ తొందరతో. "ఇంట్లో ఏదైనా చిన్న వస్తువు పోయిందనుకోండి. గ్యాసు పొయ్యి నాబో, సీసా మూతో, కుర్చీ కాలి రబ్బరో. మిగిలినదాన్ని ఇందులో పెడితే దానికి జత ఏదో, ఎక్కడ దొరుకుతుందో చెప్పేస్తుంది."

నేను నిటారుగా కూర్చున్నాను. "గుండీలు?"

"గుండీలు నలభై వేల రకాలున్నాయి," అన్నాడు పొడుగాయన.

నా ఆరువందల నలభై సొరుగులూ ఒక్కసారి తల వంచుకున్నాయి. వేసుకున్న కోటు చేతి అంచున ఉన్న గుండీని కొరికి తెంపి గాజు కింద పెట్టాను. యంత్రం రెండు క్షణాలు మినుకుమంది. నలుపు, నాలుగు కన్నాలు, అంచు మందం ఇంత, జత దొరికింది అని తెర మీద పడింది. అమ్మాయి నమూనాల పళ్ళెంలో చెయ్యి పెట్టి అచ్చం అలాంటి గుండీ తీసి నా ముందు పెట్టింది. కన్నాలు, మందం, నునుపు, అన్నీ కుదిరాయి. అంత వేగం నా కాళ్ళకు కూడా లేదు.

కానీ గుండీని వేలి మీద పెట్టుకోగానే మనసు ఒప్పలేదు.

"ఇది జత కాదమ్మా. నాది నలుపు కాదు."

"యంత్రం రంగు తప్పు చెప్పదండీ," అన్నాడు పొడుగాయన, మర్యాదగానే.

"యంత్రం అబద్ధం చెప్పలేదు నాయనా. పైనున్న దీపం చెప్పింది. గుమ్మం ఎటు?"

"ఏ గుమ్మం?"

"ఎండ కనబడే గుమ్మం, ఏదైనా సరే."

అది వెతకడానికే పది నిమిషాలు పట్టింది. రెండు హాళ్ళు దాటి, సామాన్లు దించే దారి చివర ఒక పెద్ద తలుపు తీసి ఉంది. ముగ్గురం గడపలో నిలబడ్డాం. రెండు గుండీలూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చాపాను. ఒకటి నలుపు. రెండోది, నాది, చిక్కటి నీలం. పసివాడు కూడా చెప్పగలడు.

అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. పొడుగాయన మొహం పాలిపోయింది. "రెండేళ్ళుగా చేస్తున్నామండీ. మా గది నేలమాళిగలో ఉంటుంది," అన్నాడు.

"అదే మరి. మా కొట్టులో బల్ల నుంచి గుమ్మానికి నాలుగు అడుగులు. గుమ్మంలోకి తెచ్చి చూపించకుండా ఒక్క గుండీ కూడా చేతిలో పెట్టను. వచ్చినవాళ్ళు నేనేదో మర్యాదకి సాగనంపుతున్నాననుకుంటారు. అనుకోనీ."

వాళ్ళిద్దరూ నవ్వారు. పొడుగాయన వెంటనే లోపలికి పరిగెత్తాడు, ఫొటోలు ఏ దీపం కింద తీశారో చూసుకోవడానికి. అమ్మాయి మాత్రం గడప దగ్గరే మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"మరి ఎంత వెతికినా జత దొరక్కపోతే ఏం చేస్తారండీ?" అని అడిగింది.

"మూడు దారులున్నాయి. మొత్తం ఏడు గుండీలూ మార్చుకోమంటాం. అది మాకు లాభం. లేదంటే, చొక్కా అడుగున పంట్లాంలో దూరిపోయే గుండీ తీసి పైన కుట్టుకోండి, అడుగున ఏదో ఒకటి వేసుకోండి అంటాం. అది వాళ్ళకు లాభం. మూడోది, సరుకు వస్తోంది, వచ్చే వారం రండి అంటాం. అది ఎవరికీ లాభం కాదు."

ఆమె నవ్వింది. నవ్వుతుంటే స్వెట్టరు ముందు భాగం కదిలింది. బూడిదరంగు స్వెట్టరు, బూడిదరంగు గుండీలు, మూడోది మాత్రం ఆకుపచ్చ. అంగట్లో కూర్చున్న క్షణంలోనే అది నా కంట్లో పడింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మా వృత్తిలో అది మర్యాద. ఇప్పుడు మళ్ళీ అటే చూస్తున్నట్టున్నాను, ఆమె కనిపెట్టేసింది.

"ఏమనుకుంటున్నారు దీన్ని చూసి?"

"చెప్పనా?"

"చెప్పండి."

"ఊడిపోతే దొరికింది కుట్టుకున్నావు. శ్రద్ధ లేదు."

"నిజమేనండీ, లేదు," అని ఇంకా గట్టిగా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ ఆకుపచ్చ గుండీని చూస్తూ ఉండిపోయాను. మిగతావాటికంటే వెంట్రుకంత చిన్నది. రెండు కన్నాలది, పక్కవి నాలుగు కన్నాలవి. దారం ఆకుపచ్చ. అన్నీ కొంచెం కొంచెం తేడా. అందుకే తప్పులా కనబడుతోందా? ఇంతకంటే తేడా ఉంటే? ఇరవై ఏడేళ్ళుగా నా గుమ్మంలో నిలబడ్డ వేలమందిని, వాళ్ళ చొక్కాల మీద కుదరని గుండీలను చూశాను. దాచడం ఎలాగో చెప్పి పంపాను. దాచక్కర్లేని గుండీ ఎలా ఉంటుందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. చూసినవాళ్ళు ఊడిపోతే వేశారనకుండా, కావాలని వేశారు అనాలంటే ఆ ఒక్క గుండీ ఎలా ఉండాలి?

నాకు తెలియదు. నా ఏ గోడలోనూ లేదు.

"అమ్మాయ్, మీ నమూనాల పళ్ళెం ఓసారి తెస్తావా? సూదీ దారం నా దగ్గరుంది."

ఎందుకని అడక్కుండా తెచ్చింది. మెట్టు మీదే స్వెట్టరు విప్పి నా ఒళ్ళో వేసింది. ఆకుపచ్చది తీసి, రెండింతలు పెద్దదైన చెక్క గుండీ వేశాను. తొడుక్కుని నిలబడింది. ఆ తలుపు దగ్గర ఫోన్లు మాట్లాడుకోవడానికి జనం వస్తూ పోతూ ఉన్నారు. ఒక్కొక్కరినీ ఆపి అడిగాను. "ఏమనుకోకండి, ఈ గుండీ ఊడిపోతే వేసిందా, కావాలని వేసిందా?"

పదిమందిలో ఏడుగురు ఊడిపోతే వేసిందన్నారు. ఒకాయన, "పిల్లలెవరో కుట్టినట్టున్నారు," అన్నాడు. అది కూడా అటే వేసుకున్నాను. సైజు పెరిగినా లాభం లేదు. చెక్కది తీసి, పక్కవాటి సైజుదే, పక్కవాటికున్న నాలుగు కన్నాలదే, రంగు మాత్రం ఎర్రగా మండేది వేశాను. దారం మార్చలేదు, బూడిదదే. ఈసారి మళ్ళీ పదిమంది. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. పదకొండో మనిషి, సామాన్లు మోసే పెద్దాయన, పెట్టె దించి కాసేపు తేరిపార చూశాడు. "కావాలనే వేసిందమ్మా. దారం చూడు, మిగతావాటిదే," అన్నాడు.

దారం! ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది, విన్నందుకు సంతోషం కలిగింది. ఎర్రదాన్నే ఎర్ర దారంతో తిరగకుట్టి మళ్ళీ పదిమందిని అడిగాను. ముగ్గురికి పడిపోయింది. అంటే గుండీ ఒక్కటే కాదు, అది పక్కవాటితో ఏదో ఒకటి పంచుకోవాలి, ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది, ఎంత? నాలుగు కన్నాలను నాలుగు వైపులా జరిపితే? అంచు ఒక పక్క పలచగా ఉంటే? పళ్ళెంలో ఉన్న గుండీలన్నీ ఎవరో ఒకరికి జతగా పుట్టినవే. ఒంటరిగా నిలబడటానికే పుట్టింది అందులో ఒక్కటీ లేదు. ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

పొడుగాయన గడపలోకి వచ్చి, "అండీ, మీది ఏదో నాలుగింటికి ఇవ్వాలన్నారు కదా, మూడున్నర అయింది," అన్నాడు. మధ్యాహ్నం భోజనం మాట ముగ్గురం మరిచిపోయాం.

మెట్టు మీదే కొత్త పత్రం తీసి రాశాను. 'జత దొరకనప్పుడు వేసుకునే గుండీ. చూసినవాళ్ళు కావాలనే వేశారనాలి.' అంతే, రెండు వాక్యాలు. కింద చివరి గడిలో, ఇలాంటివి ఇంతకు ముందు చేసినవారెవరు, మూడు ఉదాహరణలు ఇవ్వండి అని ఉంది. ముందు రెండు పత్రాల్లోనూ నేను మొదట నింపిన గడి అదే. దాన్ని చూసే మిగతావి రాశాను. ఇప్పుడు పెన్ను అక్కడికొచ్చి ఆగిపోయింది. ఖాళీగా వదిలేసి లేచాను.

క్యాంటీన్‌లో టీచరమ్మ ముందు నా వంతు ఆఖరున వచ్చింది. పత్రం చదివి కనుబొమ్మలు ఎత్తింది.

"గుండీయా? మీ కొట్టు నుంచే తెచ్చారన్నమాట."

"కొట్టులో లేదండీ."

"ఎలా ఉంటుంది?"

మా కొట్టు బల్ల వెనక నిలబడి ఆ మాట నేనెప్పుడూ అనలేదు. "తెలియదండీ."

ఆమె పత్రం కింద దాకా చూసింది. "ఈ గడి ఖాళీగా ఉంది."

"వెతకలేదండీ."

"దొరకలేదా, వెతకలేదా?"

"వెతకలేదు. వెతికితే దొరికినదానికి జత చేస్తానని భయమేసింది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి నన్ను చూసింది. రెండేళ్ళలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నేను మెట్టు దగ్గర వేసిన గీతలు చూపించాను. చెక్కదానికి మూడు, ఎర్రదానికి ఐదు, దారం మార్చితే మళ్ళీ మూడు.

"ఐదు ఎందుకొచ్చింది?" అని అడిగింది.

"అదే తెలియాలండీ. అందుకే చెయ్యాలి."

"పదికి పదిమందీ కావాలనే వేశారు అనేలా చెయ్యగలరా?"

"ఎనిమిది దాకా లాగుతాను."

"తొమ్మిది."

"మేడమ్, మాట ఇచ్చి తప్పడం మా ఇంటావంటా లేదు. ఎనిమిది."

టీచరమ్మ నవ్వేసింది. పక్క బల్ల దగ్గర నుంచి బొమ్మల పిల్ల, "పిన్నిగారూ, మేడమ్ దగ్గర కూడా బేరమేనా!" అని అరిచింది. టీచరమ్మ పెన్ను చేతిలోకి తీసుకుంది, ఏమనుకుందో పక్కన పెట్టేసి, పెన్సిల్ తీసి సంతకం చేసింది.

"సోమవారం దాకా వెతకండి. ఇప్పుడు వెతకండి, రాసేశాక. అచ్చం ఇదే ప్రశ్నతో ఎవరైనా ముందే చేసి ఉంటే ఈ సంతకం చెరిపేస్తాను. లేకపోతే సిరాతో పెడతాను. ఒప్పుకుంటారా?"

పెన్సిల్‌తో రాసిన ఆర్డరు మా బజార్లో ఆర్డరే కాదు. దాన్ని నమ్ముకుని సరుకు తెప్పించినవాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం నేను చూశాను. ఇన్నేళ్ళలో ఒక్క పెన్సిల్ కాగితం కూడా నేను చేత్తో పట్టుకోలేదు.

"ఒప్పుకుంటానండీ," అన్నాను. కాగితాన్ని మడత పెట్టకుండా పుస్తకంలో పెట్టుకున్నాను, సంతకం చెరిగిపోతుందేమోనని.

నాలుగో హాలు చివరికి వెళ్ళి వాళ్ళిద్దరికీ చెప్పాను. పొడుగాయన దీపాల పట్టిక ముందేసుకుని తల పట్టుకుని ఉన్నాడు. తల ఎత్తి, "మా లెక్కల్లో నలుపులన్నీ మళ్ళీ తీయాలండీ. పన్నెండు వేలు," అన్నాడు.

"తియ్యి నాయనా. గుమ్మంలో తియ్యి. నేనూ అదే స్థితిలో ఉన్నాను."

అమ్మాయి స్వెట్టరు మీద ఎర్ర గుండీ అలాగే ఉంది. బూడిద దారంతో తిరిగి కుట్టిచ్చాను. "దీన్ని ఎవరైనా ఏమన్నా అంటే నాకు ఫోన్ చెయ్యి. ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు. మెచ్చుకున్నవి వద్దు, తిట్టినవి చెప్పు," అని నెంబరు రాసిచ్చాను.

బస్సులో ఇంకా వెలుతురు ఉంది. బొమ్మల పిల్ల కిటికీ పక్క సీటు నాకు వదిలింది. దాని పెన్సిల్ అడిగి తీసుకుని పుస్తకం తెరిచాను. చేత్తో వేలసార్లు ముట్టుకున్న వస్తువే, గీయబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఒక గుండ్రం వేశాను. వంకర పోయింది.

"గుండ్రంగానే ఉండాలా పిన్నిగారూ?"

"ఏమోనే."

బస్సు మలుపు తిరిగినప్పుడు గీత ఇంకాస్త పక్కకు జారింది. చెరపలేదు. దాని పక్కన ఒకటి అని అంకె వేసి, రెండోది మొదలుపెట్టాను.